గాలి మోసే ఇల్లు

మా మేనల్లుడు అమెరికాలో, శాక్రమెంటో దగ్గర ఉంటాడు. పోయిన నెల ఒక ముసలి క్యాంపర్ వ్యాన్ కొన్నాడు. 1987 నాటి ఫోక్స్‌వ్యాగన్ వానగన్. ఇంజను వెనకాల ఉంటుంది. లోపల వెస్ట్‌ఫాలియా వాళ్లు బిగించిన గ్యాసు పొయ్యి, సింకు, చిన్న ఫ్రిజ్, మడిస్తే సీటు పరిస్తే మంచం. పైకప్పు లేపితే అటక మీద ఇంకో పడక. "ఇల్లు కొనుక్కోరా అంటే చక్రాలున్న ఇల్లు కొన్నాడు" అని మా అక్క నిష్ఠూరమాడింది.

వాడు నాకు ఫోన్ చేసింది మాత్రం టైర్ల గురించి.

"మావయ్యా, టైర్లు చూశాను. గాడులు కొత్తవాటిలా లోతుగా ఉన్నాయి. అమ్మినాయన బండిని ఎక్కువ తిప్పలేదట. ఇంకో రెండేళ్లు లాగించెయ్యొచ్చు కదా?"

నేను పెరిగింది విజయవాడ ఆటోనగర్ పక్కన. పొద్దున్నే క్లీనర్ కుర్రాళ్లు ఇనప కడ్డీతో లారీ టైర్లను ఒక్కొక్కటే కొట్టుకుంటూ వెళ్లే చప్పుడుతో నిద్ర లేచేవాళ్లం. గాలి నిండుగా ఉన్న టైరు కడ్డీని ఎగరగొడుతుంది, దిగిపోయిన టైరు ఆ దెబ్బని మింగేస్తుంది. ఆ పక్కన పెరగడం వల్ల నాకు అబ్బిన గుణం ఒకటే. టైరు బాగుందని ఎవరైనా అంటే నమ్మను.

"గాడుల సంగతి తర్వాత. పక్క గోడ మీద ఏం రాసుందో అక్షరం వదలకుండా చదువు" అన్నాను.

వాడు చదివాడు. పి 185/75 ఆర్ 14. తర్వాత 89 ఎస్. ఇంకో చోట డి.ఓ.టి. అని మొదలై, చివర 2314.

ఆ మూడు ముక్కల్లోనే రెండు కారణాలు దొరికాయి, ఆ టైర్లు తీసెయ్యాలనడానికి. అవి ఎందుకు కారణాలయ్యాయో చెప్పడానికే ఈ వ్యాసం. విషయం ఒక్క వానగన్‌ది కాదు. పాత క్యాంపర్ ఏదైనా ఇదే కథ.

ముందు అసలు టైరు చేసే పని. బండి బరువు మోసేది చాలావరకు రబ్బరు కాదు, లోపలి గాలి. పక్క గోడలు కాస్త సాయం పడతాయి, అంతే. టైరు ఆ గాలిని పట్టి ఉంచే సంచి. వెనక చక్రం మీద 660 కిలోల బరువుందనుకోండి. గాలి 48 పి.ఎస్.ఐ. ఉంటే, అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 3.4 కిలోల ఒత్తిడి, ఆ బరువుని నిలబెట్టడానికి దాదాపు 195 చదరపు సెంటీమీటర్ల మేర టైరు నేలను తాకి ఉండాలి. అంటే కాస్త పెద్ద పూరీ అంత. పొయ్యి, ఫ్రిజ్, నీళ్ల ట్యాంకు, మనుషులు, సామాను, అన్నీ కలిసి నాలుగు పూరీల మీద నిలబడి ఉంటాయి.

గాలి తగ్గితే ఏమవుతుంది? బరువు తగ్గదు కాబట్టి పూరీ పెద్దదవుతుంది. టైరు ఇంకాస్త అణుగుతుంది. చక్రం తిరిగే కొద్దీ ప్రతి చోటూ కిందికి రాగానే అణిగి, పైకి పోగానే మళ్లీ సాగాలి. ఈ చక్రం కిలోమీటరుకి దాదాపు 500 సార్లు తిరుగుతుంది. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో పోతే గంటలో 45,000 సార్లు. ఒక ఇనప తీగని అటూ ఇటూ వంచుతూ ఉంటే వంచిన చోట వేడెక్కడం చూసే ఉంటారు. రబ్బరుదీ అదే గుణం. వంచడానికి పెట్టిన బలమంతా తిరిగి ఇవ్వదు, కొంత వేడిగా మిగుల్చుకుంటుంది. ఎంత లోతుగా అణిగితే అంత వేడి. టైరు లోపల ఉక్కు తీగల పట్టీలు రబ్బరుతో అతికి ఉంటాయి. వేడికి తేలేది ఆ అతుకే. ముందు అంచుల్లో చిన్నగా విడుతుంది, బయటికి కనపడదు. ఒకరోజు గాడులున్న పై పట్టా మొత్తం ఒలిచిన తొక్కలా ఊడి వస్తుంది.

ఇది అమెరికా వాళ్లకు చేదు అనుభవంతో తెలిసిన పాఠం. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ కంపెనీ 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచింది. వాటిలో ఎక్కువ భాగం ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బళ్లకు ఉన్నవి. పై పట్టా ఊడిపోయి బళ్లు బోల్తాపడ్డాయి. టైరు తయారీలో లోపమా, ఆ బండికి ఫోర్డ్ సూచించిన 26 పి.ఎస్.ఐ. మరీ తక్కువా అని రెండు కంపెనీలూ బహిరంగంగానే కీచులాడుకున్నాయి. ఆ గొడవ నుంచే అక్కడ చట్టం వచ్చింది. ఇవాళ కార్లలో గాలి తగ్గితే డాష్‌బోర్డు మీద వెలిగే పసుపు దీపం ఆ చట్టం పుణ్యమే. 1987 బండికి ఆ దీపం లేదు.

ఇప్పుడు ఆ 89 సంగతి. అది లోడ్ ఇండెక్స్. అంకె ఎంత ఉంటే అన్ని కిలోలని కాదు, దానికి ఒక పట్టిక ఉంది. 89 అంటే ఒక టైరు గరిష్ఠంగా 580 కిలోలు మొయ్యగలదు. 97 అంటే 730. 102 అంటే 850. పక్కనున్న ఎస్ అనే అక్షరం వేగం పరిమితి, గంటకు 180 కిలోమీటర్లు. వానగన్‌కి ఆ వేగం కొండ మీంచి దొర్లిస్తే తప్ప రాదు కాబట్టి దాన్ని వదిలేద్దాం.

"580 తక్కువేం కాదుగా మావయ్యా? నాలుగు టైర్లకీ కలిపి 2,320 కిలోలు" అన్నాడు వాడు. లెక్క వచ్చు కుర్రాడికి.

లెక్క కరెక్టే, బండే అలా పంచుకోదు. ఇంజను వెనక ఉంది కాబట్టి వెనక ఇరుసు మీద బరువెక్కువ. వంటిల్లంతా ఎడమ పక్కన ఉంది కాబట్టి ఎడమ వెనక చక్రం మీద ఇంకా ఎక్కువ. పైగా మొదట్లో ఉన్న ఆ పి అనే అక్షరం ప్యాసింజరు కారు టైరని చెబుతుంది. అలాంటి టైరుని వ్యానుకి వేస్తే దాని మోతని 1.1తో భాగించి తగ్గించుకోవాలన్నది అమెరికా నియమం. ఎత్తుగా ఉండే బండి ఊగుతుంది, ఒరుగుతుంది, బరువు ఒక పక్కకి తోస్తుంది, అందుకని. అప్పుడు 580 కాస్తా 527 అవుతుంది.

ఇలాంటి పాత వ్యాన్లకు ఫోక్స్‌వ్యాగన్ వేసింది 185 ఆర్ 14 సి అనే కొలత. ఆ చివరి సి లోనే ఉంది సారమంతా. సి అంటే కమర్షియల్, సరుకు బండి టైరు. లోపల పొరలు బలంగా, పక్క గోడలు గట్టిగా ఉంటాయి, కారు టైరు కంటే చాలా ఎక్కువ గాలి పట్టించుకోగలదు. 8 ప్లై అని రాసి ఉండే 185 ఆర్ 14 సి, లోడ్ ఇండెక్స్ 102 అయితే, 65 పి.ఎస్.ఐ. దగ్గర 850 కిలోలు మోస్తుంది. మన దగ్గర టాటా ఏస్ టైరు మీద ఎల్.టి. అనీ, 8 పి.ఆర్. అనీ చూస్తాం కదా, అదే జాతి. 8 ప్లై అంటే నిజంగా ఎనిమిది పొరలుంటాయని కాదు. నూలు పొరలతో టైర్లు చేసిన కాలంలో అన్ని పొరలుంటే ఎంత బలమో అంత బలమని. అశ్వం పోయినా అశ్వశక్తి మిగిలినట్టు.

కారు టైరు అదే కొలతలో, సగం ధరకు, మెత్తని ప్రయాణంతో దొరుకుతుంటే పాత క్యాంపర్ల యజమానులు దాని మీదికి మొగ్గడం సహజం. మొదటి వారం నిజంగానే సుఖంగా ఉంటుంది. తేడా తెలిసేది పెద్ద ట్రక్కు పక్క నుంచి దూసుకుపోయినప్పుడు, గాలి అడ్డంగా కొట్టినప్పుడు. మెత్తని పక్క గోడలు మడత పడతాయి, ఎత్తైన బండి పడవలా ఊగుతుంది. స్టీరింగు అరిగిందనుకుని మెకానిక్ దగ్గరికి పోతారు.

"మరి నా బండికి ఎంత మోసే టైరు కావాలి? ఎలా తెలుస్తుంది?"

కాటా వేయించు అన్నాను.

పాత క్యాంపర్ల విషయంలో ఎవరూ చెయ్యని పని ఇది. కంపెనీ పుస్తకంలో ఉన్న బరువు 1987 నాటిది. ఆ తర్వాత చేతులు మారిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఏదో ఒకటి తగిలించి ఉంటారు. రెండో బ్యాటరీ, సోలార్ పలక, వెనక సైకిళ్ల స్టాండు, నెత్తిన పెట్టె, కింద ఇంకో నీళ్ల ట్యాంకు. ఒక్క నీళ్ల ట్యాంకే 50 లీటర్లయితే 50 కిలోలు. అమెరికాలో హైవే పక్క ట్రక్కులు ఆగే చోట క్యాట్ స్కేల్ అనే కాటాలుంటాయి. ఏ ఇరుసు మీద ఎంతో విడివిడిగా చీటీ ఇస్తాయి. మన దగ్గరైతే ఏ వేబ్రిడ్జి దగ్గరైనా ముందు చక్రాలు మాత్రం ఎక్కించి ఒకసారి, మొత్తం ఎక్కించి ఒకసారి తూయించుకుంటే సరి. ఒకటే షరతు, ప్రయాణానికి పోయేటప్పుడు ఎలా ఉంటుందో అలా తూయించాలి. నీళ్లు, గ్యాసు, పెట్రోలు, పెళ్లాం, పిల్లలు, బియ్యం సంచి, అన్నిటితో.

వాడు తూయించాడు. చీటీ పౌండ్లలో ఇచ్చారు, నేను కిలోల్లోకి మార్చాను. ముందు ఇరుసు 1,080. వెనక ఇరుసు 1,240. ఎడమా కుడీ సమానంగా పంచుకుంటే వెనక చక్రానికి 620. వంటిల్లు ఎడమ పక్కనుంది కాబట్టి ఎడమకి 660, కుడికి 580 అనుకోమన్నాను. తక్కువ అనుకుని పొరబడడం కంటే ఎక్కువ అనుకుని పొరబడడం మేలు. అంటే 527 మొయ్యాల్సిన టైరు మీద 660 కిలోలు కూర్చుని ఉన్నాయి. పాతిక శాతం ఎక్కువ. వాడు ఫోనులో కాసేపు మాట్లాడలేదు.

తూచిన బరువు చేతిలో ఉంటే గాలి ఎంత పెట్టాలో కూడా తేలిపోతుంది. టైరు పక్క గోడ మీద రాసి ఉన్న పెద్ద అంకె పెట్టాల్సిన గాలి కాదు. గరిష్ఠ బరువుకి తగిన గాలి అది. మన బండికి కావలసింది అందులో భాగం. చిన్నప్పుడు నేర్చుకున్న త్రైరాశికం చాలు. 850 కిలోలకు 65 అయితే 660 కిలోలకు ఎంత? యాభైకి అర ఎక్కువ. ముందు చక్రానికి 540 కిలోలు కాబట్టి 41 పైచిలుకు. నిజానికి టైరు కంపెనీల పట్టికల్లో వెనక 48, ముందు 37 దగ్గర్లో తేలుతుంది, ఎందుకంటే గాలికీ మోతకీ ఉన్న సంబంధం సరిగ్గా సూటి గీత కాదు. త్రైరాశికం చేసే తప్పు కాస్త ఎక్కువ గాలి వైపే ఉంటుంది, అది ప్రమాదం లేని వైపు. పట్టిక దొరికితే పట్టిక చూడండి, లేకపోతే ఈ లెక్కతో మొదలుపెట్టండి. అంతకు మించి 65 దాకా ఊదేస్తే మాత్రం పూరీ అప్పచ్చి అంత అయిపోతుంది. బ్రేకు పట్టు తగ్గుతుంది, గాడులు మధ్యలో అరిగిపోతాయి, అలమరలో పళ్లేలు దారి పొడవునా తాళం వేస్తాయి.

ఈ గాలి చూడడం పొద్దున్నే, బండి కదలకముందే. కనీసం మూడు గంటలు ఆగి ఉండాలి. రెండు గంటలు ఎండలో నడిచాక చూస్తే అంకె పెరిగి కనిపిస్తుంది. అది చూసి కంగారుపడి గాలి తీసేస్తే చల్లారాక ఉండాల్సిన దానికంటే తక్కువ మిగులుతుంది. మరుసటి రోజు మళ్లీ వేడి ఎక్కువ. డెత్ వ్యాలీ దాకా పోవాలని వాడి సరదా. 1913 జులైలో 56.7 డిగ్రీలు నమోదైన లోయ అది. రెంటచింతల ఎండ ఎరిగిన మా ఇంటి వాళ్లు కూడా ఆ అంకె విని నోరు తెరిచారు. ఆ నేల మీద గాలి తగ్గిన టైరుని నడిపితే ఏమవుతుందో ఫైర్‌స్టోన్ కథ చెప్పింది.

రెండో కారణం, ఆ 2314. 2014వ సంవత్సరం, 23వ వారంలో తయారైందని అర్థం. అంటే టైరుకి పదేళ్లు నిండిపోయాయి. గాడులు కొత్తగానే ఉన్నాయిగా అంటే, చిక్కంతా అదే. రోజూ తిరిగే కారు టైరు అరిగి చస్తుంది. క్యాంపర్ టైరు అరగదు, ఆగి చస్తుంది.

ఎందుకో చెబుతాను. రబ్బరు దారాల లాంటి పొడవాటి అణువులతో ఉంటుంది. గాలిలో ఉండే కొద్దిపాటి ఓజోన్ ఆ దారాలను ఒక్కొక్క చోట తెంపుతూ పోతుంది. ముందు పక్క గోడల మీద సన్నటి నెర్రెలు, ఎండిన చెరువు అడుగులా. దీన్ని అడ్డుకోవడానికి రబ్బరు కలిపేటప్పుడే రెండు రకాల కాపలాదారుల్ని పెడతారు. ఒకటి మైనం. ఇంకొకటి ఓజోన్ వచ్చి రబ్బరుని కొరికేలోపు తానే ఎదురెళ్లి ఆహుతయ్యే మందు. ఈ రెండూ లోపలి నుంచి మెల్లగా పైకి ఊరుతూ ఉండాలి. చక్రం తిరుగుతూ, అణుగుతూ, సాగుతూ ఉంటే ఊరతాయి. బండి ఎనిమిది నెలలు షెడ్డులో నిలబడితే అణిగిన చోటు అణిగే, సాగిన చోటు సాగే ఉంటుంది. కాపలాదారులు పైకి రారు, ఓజోన్ మాత్రం సెలవు తీసుకోదు. దానికి తోడు నిలబడ్డ చోట అడుగు చదునవుతుంది. లోపలి పొరల్లోకి కూడా ఆక్సిజన్ ఇంకి రబ్బరుని గట్టిపరుస్తుంది, ఆ గట్టిపడడం పైకి కనపడదు. పాత టైర్ల పక్కల్లో కనిపించే గోధుమరంగు మసక ఆ మందు పైకొచ్చిన గుర్తే. మురికి అనుకుని పెట్రోలు గుడ్డతో రుద్ది తుడిచేవాళ్లను చూశాను. అలా తుడిస్తే పోయేది కాపలా.

ఆ మందు పేరు 6పిపిడి. దాని గురించి ఒక చిన్న పక్కదారి, ఎందుకంటే మా వాడు ఎలాగూ ఉత్తరాన వాషింగ్టన్ రాష్ట్రం దాకా పోతానంటున్నాడు. అక్కడి వాగుల్లోకి గుడ్లు పెట్టడానికి వచ్చే కోహో సాల్మన్ చేపలు వాన పడ్డ ప్రతిసారీ గుంపులుగా చచ్చిపోయేవి. ఎందుకో ఏళ్ల తరబడి అంతు పట్టలేదు. 2020 డిసెంబరులో అక్కడి శాస్త్రవేత్తలు తేల్చారు. టైర్లు అరిగి రోడ్డు మీద రాలిన పొడిలో ఈ మందు ఓజోన్‌తో కలిసి మారిపోయిన పదార్థం ఉంటుంది, వాన నీళ్లతో వాగులో పడి చేపల్ని చంపుతోంది. టైరుని కాపాడే మందు చేపకి విషమైంది. దానికి బదులు ఇంకేం వాడాలా అని ఇప్పుడు వెతుకుతున్నారు.

మళ్లీ దారిలోకి వద్దాం. ఎన్నేళ్లకు మార్చాలి? మిషెలిన్, కాంటినెంటల్ లాంటి కంపెనీలు తయారైన తేదీ నుంచి పదేళ్లు దాటితే, గాడులెంత ఉన్నా, స్టెప్నీ అయినా సరే తీసెయ్యమంటాయి. అయిదేళ్లు దాటాక ఏటా ఒకసారి చూపించుకోమంటాయి. జర్మనీలో బండి వెనక కారవాన్ తగిలించుకుని గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోవడానికి అనుమతి కావాలంటే ఆ కారవాన్ టైర్లు ఆరేళ్ల లోపువై ఉండాలి. బ్రిటన్‌లో 2012లో ఒక కోచ్ బస్సు ముందు టైరు పేలి ముగ్గురు చనిపోయారు. చూస్తే ఆ టైరు వయసు పందొమ్మిదేళ్ల పైన. గాడులు చట్టం అడిగినంత ఉన్నాయి. బిడ్డను పోగొట్టుకున్న ఒక తల్లి ఏళ్ల తరబడి పోరాడాక, 2021 ఫిబ్రవరి నుంచి లారీల, బస్సుల ముందు చక్రాలకు పదేళ్లు దాటిన టైర్లు వాడకూడదని చట్టం తెచ్చారు. సొంత క్యాంపర్లకు ఆ చట్టం వర్తించదు. నా మటుకు నేను క్యాంపర్‌కి ఏడేళ్లు దాటనివ్వను. ఎక్కువ బరువు, ఎక్కువ నిలుపు, ఎక్కువ ఎండ, మూడూ దాని జాతకంలోనే ఉన్నాయి.

కొత్త టైరు కొనేటప్పుడు కూడా ఈ నాలుగంకెలు చూడాలి. పాత కొలతలు తక్కువగా అమ్ముడుపోతాయి, దుకాణంలో మూడేళ్లు పడుకున్నవి కొత్తవిగా చేతికొస్తాయి. ఆ సంఖ్య టైరుకి ఒక పక్కనే ఉండొచ్చు, బిగించేటప్పుడు అది లోపలికి పోతే తర్వాత చూడాలంటే బండి కింద పడుకోవాలి. బిగించకముందే చూసుకోవాలి.

"14 అంగుళాలవి దొరకడం కష్టంగా ఉంది. 15కో 16కో మారిపోతే?"

మారొచ్చు, కానీ అది టైరు కొనడం కాదు, పెళ్లి సంబంధం చూడడం. ముందు చక్రం మొత్తం ఎత్తు కలవాలి. 185 ఆర్ 14 సి ఎత్తు సుమారు 650 మిల్లీమీటర్లు. 205/65 ఆర్ 15 వేస్తే 648 వస్తుంది, దాదాపు కవలలు. దాంట్లో కూడా సి ఉన్నదో, గట్టి పరచినదో చూసి, లోడ్ ఇండెక్స్ 99కి తగ్గకుండా తీసుకోవాలి. అడవి దారుల మీద మోజుతో 27 అంగుళాల ఎత్తున్న మొరటు గాడుల టైర్లు వేసేవాళ్లున్నారు. అవి 686 మిల్లీమీటర్లు. స్పీడోమీటరు 100 చూపిస్తుంటే బండి 105 దాటి పోతుంటుంది. అది చిన్న సమస్య. పెద్ద సమస్య ఏంటంటే ఈ వ్యాన్ ఇంజను తొంభై చిల్లర గుర్రాలది, కొండెక్కేటప్పుడు ఇప్పటికే దమ్ము తీస్తుంది. చక్రం పెద్దదైతే ఒక గేరు పోగొట్టుకున్నట్టే ఉంటుంది. ఏడాదికి రెండు రోజులు బురదలో తిరగడానికి మిగిలిన రోజులన్నీ హైవే మీద మోతా, పెట్రోలు ఖర్చూ భరించాలి. నేనైతే వద్దంటాను.

తర్వాత రిమ్ము. ఈ బండికి చక్రం అయిదు నట్లతో, 112 మిల్లీమీటర్ల వలయం మీద కూర్చుంటుంది. మెర్సిడెస్ కార్లదీ అదే వలయం కాబట్టి పాత మెర్సిడెస్ రిమ్ములు తెచ్చి బిగించడం వానగన్ వాళ్ల పాత అలవాటు. వలయం కలిసినంత మాత్రాన పని అయిపోలేదు. నట్టు కూర్చునే గుంట ఒకదానికి గుండ్రంగా, ఒకదానికి గరాటులా ఉంటుంది. పొంతన లేని నట్టు బిగిసినట్టే ఉండి దారిలో వదులవుతుంది. రిమ్ముకీ మోత పరిమితి ఉంటుంది, కారు రిమ్ము కారు బరువుకి పోతపోసింది. 850 కిలోల టైరుని 560 కిలోల రిమ్ముకి తొడిగితే మనకి దక్కేది 560. జర్మనీలో అయితే కాగితాల్లో లేని కొలత వేసినందుకు తనిఖీలో ఆపేస్తారు కూడా.

గాలి పట్టించే వాల్వు పది రూపాయల వస్తువు, దాని మీద ఎవరి చూపూ ఆగదు. మామూలు రబ్బరు వాల్వు 65 పి.ఎస్.ఐ. దాకా పనికొస్తుంది. వానగన్‌కి చాలు. కొత్త తరం పెద్ద క్యాంపర్లకు సి.పి. అనే గుర్తుతో ప్రత్యేకం టైర్లు వస్తున్నాయి, వెనక చక్రాలకు 80 దగ్గర గాలి పెడతారు. వాటికి లోహపు వాల్వులు కావాలి. ఏదైనా టైరు మార్చినప్పుడల్లా వాల్వు కొత్తది వెయ్యమని అడగండి. పదేళ్ల రబ్బరు తీసి కొత్త రబ్బరు వేస్తూ, మధ్యలో పదేళ్ల రబ్బరు గొట్టం వదిలెయ్యడం ఏం న్యాయం?

మంచు కొండల మీదికి పోయేవాళ్లు పక్క గోడ మీద మూడు శిఖరాల మధ్య మంచు రేకు బొమ్మ ఉందో లేదో చూడాలి. ఎమ్ ప్లస్ ఎస్ అన్న అక్షరాలు మాత్రం ఉంటే అది పరీక్షకు కూర్చోకుండా తెచ్చుకున్న మార్కుల జాబితా లాంటిది. జర్మనీలో 2024 అక్టోబరు నుంచి ఆ అక్షరాల్ని చలికాలపు టైరు కింద ఒప్పుకోవడం లేదు, బొమ్మ ఉండాల్సిందే.

డబ్బు చాలక రెండే మార్చాలనుకుంటే కొత్తవి ఎక్కడ వెయ్యాలి? ముందు అని దాదాపు అందరూ అంటారు, స్టీరింగు అక్కడుంది కాబట్టి. వెనకే వెయ్యాలి. వాన నీటి మీద ముందు చక్రాలు జారితే బండి తిన్నగా పోతుంది, కాలు తీస్తే మళ్లీ పట్టు దొరుకుతుంది. వెనక చక్రాలు జారితే బండి తోక తిప్పుతుంది, దాన్ని ఆపడం మామూలు మనిషి వల్ల కాదు. ఇంజను వెనకున్న బండి అయితే తిరిగే తోకకి బరువు కూడా తోడు.

ఇంతా చెప్పాక "స్టెప్నీ చూశావా?" అని అడిగాను.

"అదేంటి మావయ్యా?" అన్నాడు. వాడు అక్కడే పుట్టి పెరిగాడు, వాడికి అది స్పేర్ టైరు. వేల్స్‌లోని లనెథ్లి అనే ఊళ్లో స్టెప్నీ వీధి అని ఉంది. 1904లో అక్కడ ఇద్దరు అన్నదమ్ములు కారుకి అదనపు చక్రం తయారుచేసి, ఆ వీధి పేరే దానికి పెట్టి అమ్మారు. వాళ్ల దేశం ఆ పేరు మర్చిపోయింది. మన పంచరు షాపుల్లో ఇప్పటికీ బతికే ఉంది.

వానగన్‌లో స్టెప్నీ బండి ముక్కు కింద ఒక పళ్లెంలో వెల్లకిలా పడుకుని ఉంటుంది. అక్కడికి ఎవరూ వంగి చూడరు. వాడు కింద దూరి ఫోటో తీసి పంపాడు. డి.ఓ.టి. తర్వాత చివర మూడే అంకెలున్నాయి, 417. మూడంకెలుంటే 2000కి ముందుది. 41వ వారం, ఏడుతో ముగిసే సంవత్సరం. తొంభైల నాటివాటికి పక్కన చిన్న త్రికోణం గుర్తు ఉండేది, ఇక్కడ లేదు. కాబట్టి 1987. బండితో పాటు జర్మనీలో ఓడెక్కి వచ్చిన టైరు, ఒక్క రోజు కూడా నేల తాకలేదు. గాడులు నిగనిగలాడుతున్నాయి. పక్క గోడలో నెర్రెలు గోరు దిగేంత ఉన్నాయి.

"ఇది నాకంటే నాలుగేళ్లు పెద్దది" అన్నాడు.

నాలుగు టైర్లకని రాసుకున్న ఆర్డరుని అయిదు చేశాడు. అన్నీ 185 ఆర్ 14 సి, 102. అయిదింటి మీదా తేదీలు బిగించకముందే చదివి నాకు పంపమన్నాను. బిగించాక ఎనభై, వంద కిలోమీటర్లు తిరిగి నట్లు ఇంకోసారి బిగించమన్నాను.